అన్నింటికీ 'అవును' అనే మనిషి పక్కన కూర్చోవాల్సి వస్తే

మీరు అడిగింది ఇదీ: సపోర్ట్ వర్కర్‌గా చేరి కొన్ని నెలలే అయింది, మీరు చూసుకుంటున్న 26 ఏళ్ల అబ్బాయికి మేధో వైకల్యం ఉంది, పైకి చూస్తే అంతగా తెలియదు. ఒక షాపులో ఫోన్ పోయిన కేసులో పోలీసులు పిలిచి 'నువ్వే తీశావు కదా' అంటే అవునన్నాడు. ఇంటికొచ్చాక మీరు 'నువ్వు తీయలేదు కదా' అంటే దానికీ అవునన్నాడు. లాయర్ అరగంట సేపు వివరించి 'అర్థమైందా' అంటే అదీ అవునే. ఇప్పుడు ఏది నమ్మాలి, ఇకముందు విచారణలో, కోర్టులో అతని పక్కన ఉండి మీరు చేయాల్సిందేంటి, చేయకూడనిదేంటి. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, చాలా ఏళ్లుగా ఇలాంటివాళ్లకు తోడుగా స్టేషన్లకీ కోర్టులకీ వెళ్తున్నాను. తెలిసింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ 'అవును' సంగతి తేల్చుకుందాం, మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి. పోలీసుకి ఒకటి, మీకు ఒకటి చెప్పాడని మీకనిపిస్తోంది గానీ నన్నడిగితే ఇద్దరికీ ఒకటే చెప్పాడు: మీరు ఏమంటే అదే, నన్ను వదిలేయండి అని. చిన్నప్పటి నుంచీ అతనికి ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. ఎవరో ఏదో గబగబా అడుగుతారు, సగం అర్థం కాదు, అర్థం కాలేదంటే విసుక్కుంటారు లేదా నవ్వుతారు, తలూపితే మాత్రం వదిలేస్తారు. ఇరవై ఏళ్లుగా ఇదే అలవాటైన మనిషిని తీసుకెళ్లి యూనిఫాం వేసుకున్నవాళ్ల ముందు కూర్చోబెడితే ఇంకేమంటాడు చెప్పండి. అవునంటే పదేళ్ల తర్వాత ఏమవుతుందన్నది అతని లెక్కలో ఉండదు, అవునంటే ఇవాళ ఇంటికి వెళ్లొచ్చు అన్నది మాత్రం ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. 1980ల మొదట్లోనే అమెరికాలో కరోల్ సిగెల్‌మన్, ఆవిడ బృందం మేధో వైకల్యం ఉన్నవాళ్లను ఒకే విషయం రెండు వైపుల నుంచీ అడిగి చూశారు, ఒకసారి ఒక రకంగా, ఇంకోసారి దానికి సరిగ్గా వ్యతిరేకంగా. చాలామంది రెండింటికీ అవునన్నారు. 'ఇదా, అదా' అని అడిగితే చివర విన్నదాన్ని పట్టుకునే ధోరణి కూడా కనిపించింది, అంటే 'బస్సులో వచ్చావా, నడిచి వచ్చావా' అంటే నడిచి, తిప్పి అడిగితే బస్సులో. ఐస్‌లాండ్‌కి చెందిన గిస్లీ గుడ్‌జాన్సన్ అనే సైకాలజిస్ట్, ఒకప్పుడు పోలీసు డిటెక్టివ్‌గా కూడా పనిచేసినాయన, దీన్ని కొలవడానికి 1984లో ఒక పరీక్ష ప్రచురించాడు. ఒక చిన్న కథ చదివి వినిపించి దాని మీద 20 ప్రశ్నలు అడుగుతారు, వాటిలో 15 తప్పుదారి పట్టించేవి, కథలో లేనిదాన్ని ఉన్నట్టు అడిగేవి. ఎన్నింటికి లొంగాడో ఒక లెక్క. తర్వాత కాస్త గట్టి గొంతుతో 'నువ్వు చాలా తప్పులు చేశావు, మళ్లీ అడుగుతాను, ఈసారి సరిగ్గా చెప్పు' అని అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. ఎన్ని జవాబులు మార్చాడో రెండో లెక్క. నా దృష్టిలో ఈ రెండోదే అసలుది, ఎందుకంటే విచారణ గదిలో ఎవరూ చెయ్యి చేసుకోనక్కర్లేదు, అరవనక్కర్లేదు, 'మళ్లీ ఆలోచించి చెప్పు' అని మర్యాదగా రెండుసార్లు అంటే చాలు.

ఇది ఎంతదాకా పోతుందో ఒక్క కేసు చూడండి. అమెరికాలోని వర్జీనియాలో ఎర్ల్ వాషింగ్టన్ అనే వ్యక్తిని 1983లో వేరే గొడవలో అరెస్టు చేశారు. ఐక్యూ 69 దగ్గర. విచారణలో అడిగిన నేరాలు ఒకదాని తర్వాత ఒకటి ఒప్పుకుంటూ పోయాడు, మొత్తం ఐదు. వాటిలో నాలుగు వాస్తవాలతో పొసగక కొట్టుకుపోయాయి. ఐదోది, 1982లో కల్‌పెపర్ అనే ఊళ్లో జరిగిన అత్యాచారం, హత్య, మిగిలింది. అదైనా పొసిగిందా అంటే లేదు. చనిపోయినావిడ నల్లజాతి స్త్రీ అన్నాడు, ఆవిడ తెల్లజాతి. రెండు మూడు పోట్లు పొడిచానన్నాడు, ఒంటి మీద 38 ఉన్నాయి. ఇంట్లో ఇంకెవరూ లేరన్నాడు, ఆవిడ చిన్నపిల్లలు ఇంట్లోనే ఉన్నారు. మళ్లీ అడిగితే తెల్లజాతి అన్నాడు. కోర్టుకు ఆ ఒప్పుకోలే సరిపోయింది, మరణశిక్ష పడింది. 1985లో అమలుకు తొమ్మిది రోజుల ముందు ఆగింది. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక 1994లో అది యావజ్జీవంగా మారి, 2000లో క్షమాభిక్ష వచ్చింది.

ఈ కేసు నుంచి మీ అబ్బాయికి పనికొచ్చేది ఒకటుంది. అతని వాంగ్మూలం లాయర్ చేతికొచ్చాక 'ఒప్పుకున్నాడా లేదా' అన్నది పక్కన పెట్టి, అందులో ఉన్న ఒక్కో వివరాన్ని విడదీసి, ఇది మొదట ఎవరి నోటి నుంచి వచ్చింది అని చూడమనండి. ఫోన్ రంగు అతను చెప్పాడా, లేక 'ఆ నల్ల ఫోన్ ఎక్కడ పెట్టావు' అని అడిగితే అతని జవాబులో కలిసిపోయిందా? షాపులో ఏ వైపు నుంచి తీశాడో అతను చెప్పాడా, చూపించారా? పోలీసులకు అప్పటికే తెలిసినవి తప్ప అతనంతట అతను కొత్తగా చెప్పింది ఒక్కటీ లేకపోతే ఆ ఒప్పుకోలు బరువు ఎంతో లాయర్‌కి వేరే చెప్పక్కర్లేదు. కాగితం మీద రాసిన వాంగ్మూలంలో ఇది కనపడదు, ప్రశ్నలన్నీ మాయమైపోయి అంతా అతనే గడగడా చెప్పినట్టు ఉంటుంది. రికార్డింగ్ ఉంటేనే తెలుస్తుంది.

ఇక 'పైకి చూస్తే తెలియదు' అన్నారే, అక్కడే చాలా కేసులు చెడిపోతాయి. మేధో వైకల్యం అనాలంటే మూడూ కలిసి ఉండాలి: ఐక్యూ సుమారు 70 లేదా అంతకంటే తక్కువ, డబ్బు, టైము, ప్రయాణం, మనుషులతో వ్యవహారం లాంటి రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ ఇబ్బంది, ఇవి ఎదిగే వయసులోనే మొదలై ఉండడం. అందులో ఎక్కువమంది, సుమారు 85 శాతం అని చెప్తుంటారు, తేలికపాటి స్థాయివాళ్లే. స్టేషన్లలో కనిపించేదీ ఎక్కువగా వీళ్లే. మాట చక్కగా ఉంటుంది, బట్టలు శుభ్రంగా ఉంటాయి, ఫోన్ వాడతారు, పాటలు పాడతారు. పైగా తమకు వైకల్యం ఉందని తెలియకుండా దాచుకోవడంలో ఆరితేరి ఉంటారు, ఎందుకంటే తెలిస్తే ఏమవుతుందో చిన్నప్పుడే చూశారు. అందుకే 'చదవడం వచ్చా' అని అడగకండి, కాగితం చేతికిచ్చి చూడండి. 'కళ్లజోడు మర్చిపోయాను', 'తర్వాత చదువుకుంటాలే', 'నువ్వే చెప్పు ఏముందో' అన్నాడంటే విషయం అర్థమైపోతుంది. గడియారం చూసి టైము చెప్పమనండి. ఒక నోటు ఇచ్చి వస్తువు కొంటే తిరిగి ఎంత రావాలో లెక్కపెట్టమనండి. బడిలో ఎంతవరకు చదివాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఎందుకు ఆగిపోయాడు, ఇవన్నీ ఇంట్లో కనుక్కుని రాసిపెట్టండి, తర్వాత సైకాలజిస్ట్‌కి ఇవి ఐక్యూ నంబరు కంటే ఎక్కువ పనికొస్తాయి. ఆస్ట్రేలియాలో సుసాన్ హేస్ తయారుచేసిన హాసి లాంటి చిన్న స్క్రీనింగ్ పరీక్షలూ ఉన్నాయి, పది నిమిషాల్లో అయిపోతాయి, కాకపోతే అవి నిర్ధారణ చేయవు, పూర్తి పరీక్షకు పంపాలా అక్కర్లేదా అన్నదే చెప్తాయి.

ఇంకో గందరగోళం, దీన్ని మానసిక వ్యాధితో కలిపేయడం. డాక్టర్ వచ్చి 'పేరేంటి, ఇవాళ ఏ వారం, గొంతులేమైనా వినిపిస్తున్నాయా' అని అడిగి బాగానే ఉన్నాడని రాసి వెళ్లిపోతాడు. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సతో తగ్గవచ్చు. మేధో వైకల్యం చిన్నతనం నుంచీ ఉండేది, మాత్రతో పోయేది కాదు. రెండూ ఉన్నవాళ్లూ ఉంటారనుకోండి. కానీ ఆ డాక్టర్ చూసింది మొదటిది మాత్రమే, కాబట్టి ఆ కాగితం పట్టుకుని 'డాక్టరే ఫిట్ అన్నాడు' అంటే ఒప్పుకోకండి.

విచారణలో పక్కన మనిషి ఉండాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీ పాత్ర ఏంటో తేలిగ్గా అర్థమవుతుంది. 1972లో దక్షిణ లండన్‌లో మాక్స్‌వెల్ కాన్‌ఫెయిట్ అనే వ్యక్తి హత్య జరిగింది. ముగ్గురు కుర్రాళ్లు, 18, 15, 14 ఏళ్లవాళ్లు, ఒప్పుకున్నారు. 18 ఏళ్లవాడికి మేధో వైకల్యం ఉంది. విచారిస్తున్నప్పుడు పక్కన పెద్దవాళ్లెవరూ లేరు. ముగ్గురికీ శిక్షలు పడ్డాయి, 1975లో అప్పీలు కోర్టు కొట్టేసింది. దాని మీద విచారణ సంఘం, ఆ తర్వాత రాయల్ కమిషన్, చివరికి 1984లో పోలీసుల అధికారాల మీద కొత్త చట్టం వచ్చాయి. ఆ చట్టం కింది నియమావళి ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో పిల్లలనీ, ఇలాంటి ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లనీ విచారించేటప్పుడు 'అప్రోప్రియేట్ అడల్ట్' అనే తోడు మనిషి ఉండాలి. ఆ మనిషి పని ఊరికే కూర్చోవడం కాదని అందులోనే ఉంది: ధైర్యం చెప్పాలి, విచారణ న్యాయంగా సాగుతోందో లేదో గమనించాలి, ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా సాయపడాలి. మీ చట్టంలో ఈ పేరుతో ఎవరూ లేకపోయినా అడగడానికి ఆధారం ఉంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 13వ అధికరణం న్యాయం అందుబాటు గురించే, విచారణ దశ నుంచీ వాళ్లకు తగ్గ వెసులుబాట్లు కల్పించాలని, పోలీసులకీ జైలు సిబ్బందికీ శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. చాలా దేశాలు సంతకం చేసినవే.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్తాను. నోరు మెదపకుండా కూర్చునే తోడు, అసలు తోడే లేకపోవడం కంటే చెడ్డ. ఎందుకంటే తర్వాత కోర్టులో 'పక్కన మనిషి ఉండగానే చెప్పాడు కదా' అంటారు, మీరు అక్కడ ఉండడమే ఆ వాంగ్మూలానికి ముద్ర వేసినట్టవుతుంది. కాబట్టి మాట్లాడాలి. గొడవపడక్కర్లేదు, మామూలు గొంతుతో చెప్పొచ్చు. 'సార్, మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు, విడివిడిగా అడగండి.' 'ఇందాక లేదన్నాడు, మళ్లీ అడుగుతున్నారు. అడగండి, కానీ మొదట చెప్పింది తప్పని మళ్లీ అడగడం లేదని అతనికి చెప్పండి.' 'చూపు ఎటో వెళ్లిపోయింది, పది నిమిషాలు విరామం ఇవ్వండి.' ఇవన్నీ రికార్డులోకి వెళ్తాయి. వెళ్లాలి కూడా. విరామం అతను అడిగే దాకా ఆగకండి, అడగడు.

హక్కులు చదివి వినిపించే ఘట్టం దగ్గర ఎక్కువసేపు ఆగండి. నాకు బాగా గుర్తున్న ఒక సందర్భం చెప్తాను. ఒక కుర్రాడికి అధికారి హక్కులన్నీ చదివి, అర్థమైందా అంటే అవునన్నాడు. నేను అడగొచ్చా అని అనుమతి తీసుకుని, 'సరే, ఇప్పుడు సార్ నిన్ను ఒకటి అడిగారు, నీకు చెప్పాలని లేదు. ఏం చేస్తావ్?' అన్నాను. 'చెప్తా' అన్నాడు. ఎందుకంటే, 'చెప్పకపోతే సార్‌కి కోపమొస్తుంది.' మరి మౌనంగా ఉండే హక్కు అంటే ఏంటో చెప్పమన్నాను. బుద్ధిగా చెప్పాడు: 'అల్లరి చేయకుండా కూర్చోవాలి. సార్ అడిగినప్పుడే మాట్లాడాలి.' వాడికి అది క్లాసులో టీచర్ చెప్పే రూలులా వినిపించింది! ఆ అధికారి మంచివాడు, ఆయన కూడా పెన్ను కింద పెట్టేశాడు. అందుకే 'అర్థమైందా' అనే ప్రశ్నే పనికిరాదు. 'నీ మాటల్లో చెప్పు' అంటే సగం పని చేస్తుంది, కొందరు విన్న వాక్యాన్నే చిలకలా అప్పజెప్పేస్తారు. 'ఇలా జరిగితే నువ్వేం చేస్తావ్' అని అడిగితేనే లోపల ఏముందో బయటికొస్తుంది. లాయర్‌కి కూడా ఇదే చెప్పండి, అరగంట వివరించడం కంటే ఐదు నిమిషాలు చెప్పి పది నిమిషాలు ఇలా అడిగి చూడడం మేలు. వీలైతే ముందురోజు పాత్రలు మార్చుకుని ఆడించండి, అతను పోలీసు, మీరు అతను. మీరు 'నేను లాయర్ వచ్చాక మాట్లాడతాను' అంటే ఏం జరిగిందో అతను చూస్తాడు. ఏమీ జరగలేదని చూస్తాడు.

అడిగే తీరు గురించి. 'కదా'తో ముగిసే ప్రశ్న ఏదైనా వద్దు, మీరు వేసిన 'తీయలేదు కదా'తో సహా. 'లేదా, కాదా' అని వ్యతిరేకంలో ముగిసేవీ వద్దు. 'అతను, వాడు, అక్కడ' అనకుండా ప్రతిసారీ పేరు చెప్పండి, చోటు చెప్పండి. 'ఎందుకు చేశావ్' అన్నది వాళ్లకు తిట్టులా వినిపిస్తుంది. 'ఎన్ని గంటలకు' అనొద్దు, ఏదో ఒక అంకె చెప్తాడు, అది వాంగ్మూలంలో రాతలా మిగిలిపోయి తర్వాత వేరే అంకె చెప్తే అబద్ధమంటారు. దానికి బదులు ఆ రోజు అతనికి తెలిసిన పనులకు ముడిపెట్టండి, పనికి వెళ్లొచ్చాక ఏం చేశావు, ఆ తర్వాత ఏం చేశావు అని. అన్నింటికంటే ముఖ్యం, అడిగాక ఆగండి. మనకు నాలుగు సెకన్ల నిశ్శబ్దమే ఇబ్బందిగా ఉండి వెంటనే ప్రశ్నను వేరే మాటల్లో తిప్పి అడిగేస్తాం, అతను మొదటి ప్రశ్నను ఇంకా నములుతుంటే రెండోది వచ్చి పడుతుంది. మనసులో పది లెక్కపెట్టండి. 'ఆ రోజు ఏం జరిగిందో చెప్పు' అని వదిలేస్తే చెప్పేది తక్కువే ఉంటుంది, కానీ చెప్పినంతవరకు అది నమ్మదగినది. పరిశోధనలు చెప్పేదీ అదే, నేను చూసిందీ అదే. 'తెలియదు', 'గుర్తులేదు', 'అర్థం కాలేదు' అనేవి కూడా సరైన జవాబులేనని ముందే చెప్పి, ఒకటి రెండు ఉత్తుత్తి ప్రశ్నలతో అలవాటు చేయించండి. 'మా కుక్క పేరేంటి' అని అడగండి. ఏదో ఒక పేరు చెప్పేస్తే, 'నీకు తెలియదు కదరా, తెలియదని చెప్పొచ్చు' అని నవ్వుతూ నేర్పండి. సరే, ఇక్కడ నేనూ 'కదా' అన్నాను, నేర్పేటప్పుడు పరవాలేదు.

మీరు చేయకూడనివి. కేసు విషయం అతనితో మాట్లాడకండి. ఇది చాలామంది కొత్తవాళ్లకు మింగుడుపడదు, దగ్గరివాళ్లం కదా, నిజం కనుక్కుందాం అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో నిందితుడు లాయర్‌తో మాట్లాడింది రహస్యం, అప్రోప్రియేట్ అడల్ట్‌తో మాట్లాడింది ఆ రక్షణ కిందికి రాదు, అంటే మిమ్మల్నే సాక్షిగా పిలవచ్చు. మీ దగ్గర రూల్ ఏంటో లాయర్‌ని మొదటే అడగండి. అంతకంటే పెద్ద చిక్కు, మీరు అడిగిన ప్రతి ప్రశ్నా అతని జ్ఞాపకంలో కొత్త వివరం చేర్చే ప్రమాదం ఉంది. మీరు 'తీయలేదు కదా' అన్నందుకు వచ్చిన అవును కూడా ఇప్పుడు ఎందుకూ పనికిరాదు, అతనికి అనుకూలంగా కూడా. కోపం తెచ్చుకోకండి. అతని తరఫున జవాబు చెప్పకండి, ఏం చెప్పాలో నేర్పకండి, నేర్పితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఇంట్లోవాళ్ల గురించి కూడా చెప్పాలి. తల్లి పక్కన ఉంటే అతనికి ధైర్యం, నిజమే. కానీ జీవితమంతా అతని బదులు మాట్లాడిన అలవాటు అక్కడా ఆగదు, పైగా టెన్షన్‌లో 'ఒప్పేసుకో నాన్నా, ఇంటికి పోదాం' అనేది ఆవిడే. బయటి కుర్చీలో కూర్చోబెట్టి, విరామంలో కలవనివ్వడం నాకు బాగా పనిచేసింది.

కోర్టు సంగతి. లాయర్‌తో చెప్పి ముందే రాతపూర్వకంగా జడ్జి గారి దృష్టికి తీసుకెళ్లాలి, ఆ రోజు లేచి నిలబడి చెప్తే టైము ఉండదు. ఏమేం అడగొచ్చు? చిన్న వాక్యాల్లో ప్రశ్నలు, తరచూ విరామాలు, పొద్దున్నే మొదటి కేసుగా పిలవడం, ప్రశ్నలు అర్థమయ్యేలా చేసే మధ్యవర్తి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1999 చట్టంతో ఇలాంటి మధ్యవర్తులు వచ్చారు, సాక్షిని ముందుగా పరీక్షించి, ఈ మనిషిని ఏ రకం ప్రశ్నలు అడగకూడదో రిపోర్టు ఇస్తారు, విచారణకు ముందే జడ్జి, ఇరుపక్షాల లాయర్లు కూర్చుని ప్రశ్నల తీరు మీద నియమాలు పెట్టుకుంటారు. ఖాళీ కోర్టు హాలు ముందురోజు చూపించండి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎప్పుడు నిలబడాలో. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఆ రోజు అతని భయంలో సగం తగ్గుతుంది.

నవ్వు గురించి లాయర్‌ని ప్రత్యేకంగా హెచ్చరించండి. భయమేస్తే నవ్వేవాళ్లు వీళ్లలో చాలామంది. బాధితులు ఏడుస్తూ సాక్ష్యం చెప్తుంటే ఇతను నవ్వుతూ కిటికీ వైపు చూస్తుంటే జడ్జికి ఏమనిపిస్తుంది? 2002లో అమెరికా సుప్రీంకోర్టు ఆట్కిన్స్ కేసులో మేధో వైకల్యం ఉన్నవాళ్లకు మరణశిక్ష వేయకూడదని తీర్పిచ్చినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఉంది: చేయని నేరం ఒప్పుకునే ప్రమాదం ఎక్కువ, లాయర్‌కి తగినంత సాయపడలేరు, సాక్ష్యం సరిగ్గా చెప్పలేరు, వాళ్ల తీరు చూస్తే పశ్చాత్తాపం లేదనే తప్పుడు అభిప్రాయం కలగొచ్చు. 2014లో అదే కోర్టు, ఐక్యూ 70 దాటిందా లేదా అని ఒక్క గీత గీసి తేల్చేయకూడదని కూడా చెప్పింది. మీ అబ్బాయి ఐక్యూ 72 అని వస్తే 'ఇంకేం, మామూలేగా' అనేవాళ్లకు ఇది చెప్పండి.

'విచారణకు తగడు' అనే దారి గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు, కేసు నుంచి తప్పించుకోవడానికి అదే సుళువు అన్నట్టు. జాగ్రత్త. 1972లో అమెరికాలో జాక్సన్ కేసు అని ఒకటుంది. చెవుడు, మూగ, దాంతోపాటు మేధో వైకల్యం ఉన్న మనిషి, రెండు చిల్లర దొంగతనాలు, రెండూ కలిపి తొమ్మిది డాలర్లు. విచారణకు తగడన్నారు, 'బాగయ్యే దాకా' ఆస్పత్రిలో ఉంచమన్నారు. బాగయ్యేది ఏముంది? అంటే జీవితాంతం. అలా నిరవధికంగా ఉంచడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో మార్లన్ నోబుల్ అనే ఆదివాసీ యువకుడి మీద 2001లో ఆరోపణలు వచ్చాయి, 2003లో విచారణకు తగడన్నారు, నేరం రుజువు కాకుండానే పదేళ్లు జైల్లో గడిపాడు. రుజువై ఉంటే పడే శిక్ష రెండు మూడేళ్లు. 2016లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ ఇది ఒప్పందానికి విరుద్ధమని తేల్చింది. కాబట్టి ఆ దారి ఎప్పుడూ వద్దని అనను, కానీ లాయర్‌ని ఒకే ప్రశ్న అడగండి: తగడని తేలితే మర్నాడు పొద్దున ఇతను ఎక్కడ ఉంటాడు, ఎంతకాలం? జవాబు స్పష్టంగా లేకపోతే, సాయంతో విచారణ ఎదుర్కోవడమే నయం.

బెయిలు షరతుల దగ్గర నేను చూసినన్ని అనవసరమైన అరెస్టులు ఇంకెక్కడా చూడలేదు. 'సదరు ప్రాంతానికి ఐదు వందల మీటర్ల దూరంలో ఉండవలెను' అని రాసిస్తారు. ఐదు వందల మీటర్లంటే అతనికి ఏం తెలుస్తుంది? అతన్ని తీసుకుని ఆ దారిలో నడవండి, ఏ మలుపు దగ్గర ఆగాలో చూపించండి, ఫోటో తీసి అతని ఫోన్‌లో పెట్టండి, పనికి వెళ్లడానికి వేరే దారి ఏదో అదీ నడిపించి చూపించండి. 'సాక్షులను కలవరాదు' అంటారు, ఆ సాక్షి రోజూ కలిసే స్నేహితుడై ఉంటాడు, వాడే ఎదురొచ్చి పలకరిస్తాడు, ఇతను మాట్లాడతాడు, ఉల్లంఘన అయిపోతుంది. పేరు చెప్పండి, ఫోటో చూపించండి, వాడు పలకరిస్తే ఏం చేయాలో కూడా నేర్పండి. సంతకం పెట్టాల్సిన రోజుకి ఫోన్‌లో అలారం, ముందురోజు ఒకటి, బయల్దేరే వేళకు ఒకటి.

జైలు దాకా పోతే, మొదటి వారమే అతనికి వైకల్యం ఉందన్న రిపోర్టు అక్కడి అధికారి చేతికి అందేలా చూడండి. లేకపోతే ఇతరుల సామాను ఇతని దగ్గర దొరుకుతుంది, అడిగితే నాదే అంటాడు. అక్కడ ఇచ్చే కోర్సులు చాలామటుకు చదవడం రాయడం వచ్చినవాళ్లకే, అవి పూర్తిచేయలేదని విడుదల ఆలస్యమవుతుంది, ఆ సంగతి లాయర్ కూడా మర్చిపోతాడు.

ఇవన్నీ నిందితుడి వైపు నుంచి చెప్పాను గానీ ఇదే మనుషులు బాధితులుగానూ ఎక్కువగా వస్తారు, అప్పుడు 'అతని మాట ఎవరు నమ్ముతారు' అని కేసే పెట్టరు. పతాన్ జమాల్ వలి కేసులో 2021లో భారత సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్న సాక్షి చెప్పిందాన్ని ఆ వైకల్యం వల్లే తక్కువగా చూడకూడదని చెప్పింది, ఆ కేసులో బాధితురాలికి చూపు లేదు, కానీ మాట అందరికీ వర్తిస్తుంది. పైన చెప్పిన ప్రశ్నల పద్ధతి బాధితులకూ అంతే.

చివరగా మీకు నచ్చకపోవచ్చు గానీ: అతను నిజంగానే ఫోన్ తీసి ఉండొచ్చు. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, అది తేల్చేది మీరూ నేనూ కాదు. తీసి ఉంటే అందుకు జవాబు చెప్పాల్సినవాడే, అతనికి అర్థమయ్యే భాషలో, అతను చేయగలిగే శిక్షతో. 'పాపం, ఎనిమిదేళ్ల పిల్లాడి బుర్ర' అనే మాట మీ నోట రానివ్వకండి. 26 ఏళ్ల మనిషి, పని చేస్తాడు, స్నేహితులున్నారు, కోరికలున్నాయి, ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇవేవీ ఉండవు. పిల్లాడన్నారంటే ఇక ఎవరూ అతన్ని ఏదీ అడగరు, నిర్ణయాలన్నీ అతని తల మీదుగా జరిగిపోతాయి. తన వైకల్యం గురించి కోర్టులో చెప్పాలా వద్దా అన్నది కూడా అతనితో మాట్లాడి, చెప్తే ఏమవుతుందో చెప్పకపోతే ఏమవుతుందో వివరించి, అతని ఇష్టంతోనే చేయాలి.

మీరు ఈ వారం చేయాల్సింది ఒకటే, లాయర్‌కి ఫోన్ చేసి మొదటి విచారణ రికార్డింగ్, స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీ, షాపు ఫుటేజీ భద్రపరచమని రాతపూర్వకంగా అడిగించండి. వీటిలో కొన్ని కొద్దిరోజుల్లోనే వాటంతటవే చెరిగిపోతాయి. సైకాలజిస్ట్ పరీక్ష రెండు వారాలు ఆలస్యమైనా పరవాలేదు, ఇది మాత్రం ఆగదు.